జల్లించి పెట్టిన పిండి

ఇప్పుడు నేను గొంతుక్కూర్చుంటే చేతులు నేలకు ఆనించకుండా లేవగలను. ఇదేం గొప్ప అని మీకనిపిస్తుంది. ఒకప్పుడు నాకూ అలాగే అనిపించేది. పొయ్యి ముందు కూర్చున్న మనిషి లేచి నిలబడడం కూడా ఒక పనేనా? కానీ మూడు నెలల పాటు ఆ పని నా వల్ల కాలేదు. అందుకే ఇప్పటికీ పొద్దున్నే ఎవరూ చూడకుండా ఒకసారి కూర్చుని, లేచి చూసుకుంటాను.

నా పేరు సన్నెమ్మ. ఈ అక్షరాలు మా తాత పెట్టిన భిక్ష. విజయనగరం అవతల ఒక పల్లెలో ఆయన వీధిబడి నడిపేవాడు. ఆడపిల్లకెందుకండీ అని ఊరంతా అంటున్నా నన్ను ఇసకలో కూర్చోబెట్టి దిద్దించాడు. నోటికి వచ్చినట్టు రాస్తే వేళ్ళ మీద కొట్టేవాడు. ఆ దెబ్బల పుణ్యాన ఇలా రాస్తున్నాను. సముద్రాలు దాటి వచ్చిన ఈ దీవిలో మన ఆడవాళ్ళు ఇంకా కంటూనే ఉన్నారు, బాలింతలకు ఇంకా పథ్యాలు పెడుతూనే ఉన్నారు. ఎవరైనా చదివించుకుని వింటారని నా ఆశ. ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదంటే, నరసమ్మత్త బతికి ఉంది. ఆవిడకు చదువు రాకపోయినా ఎవరో ఒకరు చదివి వినిపిస్తారని భయపడ్డాను. పోయిన నెల ఆవిడ వెళ్ళిపోయింది.

మేము గిరిమిట్ మీద వచ్చినవాళ్ళం. అయిదేళ్ళు చెరకుతోటలో పనిచేస్తామని వేలిముద్ర వేసి ఓడెక్కినవాళ్ళం. లంబాస మిల్లుకు చెరకు పోసే తోటల్లో మాది ఒకటి, టాబియాకు దగ్గర. రేకుల కప్పు వేసిన పొడుగాటి కొట్టం, లోపల చెక్కలు కొట్టి విడదీసిన గదులు. దాన్నే లైను అంటారు. ఒక గదిలో నేనూ మా ఆయన నారాయుడూ. పక్క గదిలో నరసమ్మత్త. ఆవిడ నా మేనత్తా కాదు, మా ఆయన తల్లీ కాదు. ఒకే ఓడలో వచ్చాం, అంతే. సముద్రం మీద నాకు పేగులు నోట్లోకి వచ్చేలా వాంతులవుతుంటే మూడు రోజులు నా తల ఒళ్ళో పెట్టుకు కూర్చుంది. దిగాక అత్త అయింది. అవతలి గదిలో జానకీ, ఆవిడ మొగుడూ. వాళ్ళు హిందీ దేశం వాళ్ళు. మధ్య ఉన్న చెక్క గోడ పైదాకా లేదు కాబట్టి వాళ్ళ రొట్టె వాసన మాకూ, మా చారు వాసన వాళ్ళకూ.

రేషన్లో ఇచ్చేది సార్పు. గోధుమలు మరలో పోసి ఆడిస్తే మెత్తని తెల్లపిండి ఒక పక్కకూ, తవుడు ఒక పక్కకూ పోతాయి. ఆ రెంటికీ మధ్యన మిగిలిన గరుకు పిండి ఇది, కొంత తెలుపూ కొంత తవుడూ కలిసి ఉంటుంది. తెల్లది దొరలకు, తవుడు గుర్రాలకు, నడిమిది మనకు అని నారాయుడు నవ్వేవాడు. జానకి వాళ్ళు దాన్ని ఉన్నదున్నట్టు కలిపి, రొట్టెలు కాల్చి, ఉల్లిపాయ కొరుక్కుంటూ తినేసేవాళ్ళు. మనకు అన్నం లేనిదే ముద్ద దిగదు కదా. బియ్యం కావాలంటే కొట్లో కొనుక్కోవాలి. ఓడ మీద వచ్చే పాలిష్ బియ్యం, మల్లెమొగ్గల్లా ఉండేవి. ఈ బియ్యాన్ని పురుగు కూడా ముట్టదు అని నారాయుడు మెచ్చుకునేవాడు. పురుగుకున్న తెలివి మాకు లేకపోయింది.

నరసమ్మత్తకు జల్లించడం ఒక వ్రతం. ఊరినుంచి తెచ్చుకున్న సన్నటి పంచె ముక్క ఒకటి ఆవిడ దగ్గర ఉండేది. పని నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, సార్పు ఆ గుడ్డలో పోసి, పళ్ళెం మీద పట్టి ఓపిగ్గా ఆడించేది. తెల్లపిండి కిందకు రాలేది. గుడ్డలో మిగిలిన ఎర్రటి తవుడు కిరసనాయిలు డబ్బాలో పోసేది. పిండి మాకు, తవుడు కోళ్ళకు. అందులోంచే రెండు గుప్పిళ్ళు తీసుకుని తనకు రొట్టె కాల్చుకునేది. “ముసిల్దాన్ని, నాకేటే తెల్లది? మీరు పిల్లలు, మీరు తినండి” అనేది. నేను ఒక్కసారి కూడా వద్దనలేదు. తెల్లది నా కంచంలోకి వస్తుంటే ఎందుకు వద్దంటాను?

తెలుగు నెలలు చంద్రుణ్ణి చూసి నరసమ్మత్తే లెక్కపెట్టేది. మాఘమాసంలో నాకు ఏడో నెల. అప్పుడు మొదలైంది. అరికాళ్ళలో చీమలు పాకినట్టు, తర్వాత మంట, తర్వాత ఏమీ లేదు. ఏమీ లేకపోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది. గడ్డి కోస్తుంటే కాలికి గాజుపెంకు గుచ్చుకుని నెత్తురు కారుతుంటే, పక్కన పనిచేసే ఆడమనిషి చూసి చెప్పేదాకా నాకు తెలియలేదు.

నరసమ్మత్త నా పిక్కలు నొక్కి చూసింది. మా ఊళ్ళల్లో ముప్ఫై కాన్పులు చేసిన చేతులవి.

“వాతం, గుంటా. ఒట్టిమనిషివి కాదు గదా, ఒల్లు నీరెక్కింది. పప్పు నోట ఎట్టకు. దుంపలొద్దు. తవుడూ సిట్టూ అసలే పడదు, ఆ ఉబ్బు గుండెకెక్కితే సస్తావు. తెల్లగా, మెత్తగా, తేలిగ్గా తినాల.”

మా అమ్మ ఉన్నా అదే చెప్పేది. అందుకే నేను నమ్మాను. ఇప్పటికీ ఆవిడ అబద్ధం చెప్పిందని అనను. తనకు తెలిసింది చెప్పింది.

ఆ రోజునుంచి నాకు రేషన్ పప్పు బంద్. గంజి వార్చిన తెల్లన్నం, మిరియాల చారు, లేకపోతే జల్లించిన పిండితో జావ. నారాయుడు తన పని అయ్యాక ఇంకొకళ్ళ సాళ్ళు కూడా తవ్వి, దానికి బదులు బియ్యం సంపాదించుకొచ్చేవాడు. గుమ్మంలోంచే కేకేసేవాడు. “ఓలే, ఏటి తెచ్చానో సూడు. దొరసాన్లు తినే బియ్యం!” నేను నవ్వేదాన్ని. మంచి మొగుడు దొరికాడని లైన్లో అందరూ అనేవారు. నిజమే, ఇప్పటికీ నిజమే.

చైత్రంలో పైడి పుట్టింది. నరసమ్మత్త చేతుల్లోనే పుట్టింది. పుట్టగానే లైనంతా వినపడేలా ఏడ్చింది. చెక్కగోడ అవతల జానకి అప్పటికి నాలుగు రోజుల బాలింత, వాళ్ళకు కొడుకు. పైడి ఏడుపు విని ఆవిడ గోడ మీద తట్టి, “సర్దార్ పుట్టింది!” అని నవ్వింది. సర్దార్ అంటే మా మీద అజమాయిషీ చేసే మేస్త్రీ. అంత గొంతు నా బిడ్డకు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

బాలింత పథ్యం వాతం పథ్యం కన్నా గట్టిది. ఇక కూర లేదు, ఆకు లేదు, పండు లేదు. పాత తెల్లబియ్యం, వెల్లుల్లి కారం, జావ. జానకి ఒకరోజు గుమ్మం దగ్గర నిలబడి వేడి రొట్టె ఒకటి చేతిలో పెట్టింది. కిరసనాయిలు డబ్బా వైపు చూసి, “చోకర్ మత్ ఫేకో, బహినీ” అంది. తవుడు పారెయ్యకు, చెల్లీ అని. నేను రొట్టె తీసుకున్నాను. ఆవిడ వెళ్ళాక నరసమ్మత్త నా చేతిలోంచి లాక్కుని ముక్కలు చేసి కోళ్ళకు వేసింది. “ఆల్లది గుర్రాల కడుపు, మనకి అరగదు” అంది. నేనూ నవ్వాను. రొట్టె మంచి వాసన వేస్తోంది, తినాలనిపించింది కూడా. అయినా నవ్వాను.

జ్యేష్ఠం వచ్చేసరికి మిల్లు కూత మొదలైంది, కోతలు మొదలయ్యాయి. నేను పనిలోకి వెళ్ళాలి. వెళ్ళలేకపోయాను. పాదాలు ఉబ్బి, వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయేది. పది అడుగులు వేస్తే గుండె గొంతులో కొట్టుకునేది. కూర్చుంటే లేవడానికి గోడ పట్టుకోవాలి, లేదా ఎవరో చంకల కింద చేతులు వేసి లేపాలి. కుళంబర్, అంటే మా తోట మీది తెల్లదొర, గుమ్మంలో నిలబడి నన్ను చూసి దొంగ జబ్బు అన్నాడు. లేచి నడవమన్నాడు. లేచాను. నాలుగడుగులు వేసి బొక్కబోర్లా పడ్డాను. అప్పుడు ఆస్పత్రికి పంపాడు.

ఆస్పత్రి అరుగు మీద మూడు రోజులు కూర్చున్నాను. డాక్టరు ఇంకో తోటకు వెళ్ళాడు, వస్తాడన్నారు. అరుగు మీద నాతోపాటు చెయ్యి తెగినవాడు ఒకడు, విరేచనాల వాళ్ళు నలుగురు, పిచ్చి చూపు చూసే ఒక ఆడమనిషి. అక్కడ ఊడ్చే మనిషి ఒకాయన ఉండేవాడు, ఈ దీవివాడే, కైవీతీ. నా భాష ఆయనకు రాదు, ఆయన భాష నాకు రాదు. రోజూ లేతబొండం కొట్టి నా చేతికి ఇచ్చేవాడు. పైడిని చూసి వేలు చూపిస్తే అది ఆ వేలు పట్టుకునేది. ఆ మూడు రోజుల్లో నన్ను మనిషిగా చూసింది ఆయన ఒక్కడే.

డాక్టరు వచ్చాడు. నా మోకాలి మీద తట్టాడు, కాలు కదల్లేదు. ఇంగ్లీషులో ఏదో అన్నాడు. కాంపౌండరు అరవదేశం మనిషి, తెలుగు వచ్చు.

“ఏమి తింటావమ్మా?”

“మంచిదే తింటన్నాను బాబూ. మా ఆయన తెల్లన్నమే ఎడతాడు.”

గొప్పగానే చెప్పాను. ఇంకా మంచి తిండి పెట్టు, బలం లేదు అన్నాడు కాంపౌండరు, నన్ను తీసుకెళ్ళడానికి వచ్చిన నారాయుడితో. నారాయుడు సిగ్గుతో చచ్చిపోయాడు. భార్యకు తిండి పెట్టలేని మొగుడని పదిమందిలో అన్నట్టయింది. ఆ మర్నాటినుంచి నాకు సార్పు జావ కూడా మానిపించి, రెండు పూటలా ఆ తెల్లన్నమే తెచ్చి పెట్టాడు. నరసమ్మత్త బియ్యాన్ని మూడుసార్లు బదులు అయిదుసార్లు కడగడం మొదలెట్టింది.

ఒకరోజు అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని కక్కేశాను. నారాయుడు కంచం విసిరికొట్టాడు. “అందరాడోల్లూ కంటన్నారు, మూడో నెలకి కత్తి అట్టుకుంటన్నారు. నీకోసం నా రెక్కలిరిగిపోతన్నాయి. ఇంకేటి కావాల నీకు?” అన్నాడు. “నాకేటీ వద్దు. నన్నొగ్గీ” అన్నాను. చెదిరిన మెతుకులు నరసమ్మత్త ఏరింది. చెక్కగోడ అవతల జానకి పాట ఆపేసింది. ఆ పూటంతా పైడి ఏడవలేదు. బుద్ధిమంతురాలు అనుకున్నాం.

బుద్ధిమంతురాలు కాదు. ఆషాఢం మొదట్లో చూశాను. పైడి నోరు తెరిచి, ముఖం ఎర్రగా చేసి, పిడికిళ్ళు బిగించి ఏడుస్తోంది. గొంతు లేదు. గుడ్డ చిరిగినట్టు చిన్న బొంగురు గాలి తప్ప ఏమీ రావడం లేదు. కళ్ళలోంచి నీళ్ళు మాత్రం కారుతున్నాయి. సర్దార్ అన్న బిడ్డ. నేను ముందు నా చెవులు పోయాయేమో అనుకున్నాను, నా ఒంట్లో అన్నీ పోతున్నాయి కదా. అత్తని పిలిచి, “నీకు ఇనపడతందా?” అని అడిగాను. ఆవిడ చాలాసేపు బిడ్డ వంక చూసి తల అడ్డంగా ఊపింది.

పాలు తాగేది, కక్కేది. ముఖం ఉబ్బింది. ఒళ్ళు చేసింది అనుకున్నాడు నారాయుడు, పాపం. నరసమ్మత్త మెడలో తాయెత్తు కట్టింది. వాము నూరి పట్టింది.

జానకి వచ్చింది. తన కొడుకు చంకలో ఉన్నాడు, బూరెబుగ్గలు వేసుకుని. పైడిని చూసింది, నన్ను చూసింది. “హమ్ దూద్ పిలాయ్ దేయీ?” అంది. నా పాలు పట్టనా అని అడిగింది. నా జవాబు కోసం ఆగకుండా, కూర్చుని పైడిని ఒళ్ళోకి తీసుకుంది. నా బిడ్డ ఇంకొక రొమ్ము పట్టుకుని తాగుతుంటే నేను గోడ వైపు తిరిగాను.

ఆ రోజు తోటలోంచి వచ్చి పోతూ ఆరుసార్లు పట్టింది. మర్నాడు కూడా. రెండో రోజు సాయంత్రం పైడి ఏడ్చింది. ఏడుపు నాకు వినపడింది. బొంగురుగానే, సన్నగానే, కానీ ఏడుపే. నారాయుడు చెరకు కత్తి కింద పడేసి గుమ్మంలో నిలబడిపోయాడు. అత్త నేలమీద పడి అమ్మవారికి దణ్ణం పెట్టింది. తాయెత్తు పనిచేసింది అంది.

ఇక్కడ నేను చేసిన పని రాయాలి.

మూడో రోజు పొద్దున్న జానకి వచ్చింది. నా రొమ్ములు పాలతో గడ్డకట్టి నొప్పి పెడుతున్నాయి. పైడి ఆవిడ గొంతు విని అటు తల తిప్పింది. అది నేను చూశాను. నాకు ఒళ్ళు మండింది. కాళ్ళు పోయాయి, పని పోయింది, మొగుడి ముఖంలో నవ్వు పోయింది, మిగిలిన ఒక్కటీ అటు తిరిగింది. “బాగయిపోయింది గదా, ఇక నా పాలే ఇత్తాను” అన్నాను. నాకొచ్చిన కొంచెం హిందీలో ఆవిడకు అర్థమయ్యేలా చెప్పాను. జానకి గుమ్మంలోంచి లోపలికి వచ్చింది. ఇంకొక్కరోజు పట్టనీ అని చేయి చాపింది. నేను బిడ్డను కొంగుతో కప్పేశాను. వెళ్ళిపోయింది. కోపంగా కూడా వెళ్ళలేదు.

నాలుగు రోజులకు మళ్ళీ గొంతు పోయింది. ఆరో రోజు, ఎండ నడినెత్తికి వచ్చాక, అందరూ తోటలో ఉండగా, పైడి నా రొమ్ము వదిలేసి ఆయాసపడింది. పెదాలు నల్లబడ్డాయి. నోరు తెరిచి ఏడుస్తూనే ఉంది, చప్పుడు లేకుండా. నేను కేకలు వేశాను. లైన్లో ఎవరూ లేరు. లేవబోయి పడిపోయాను. బిడ్డను గుండెకు అదుముకుని గుమ్మం దాకా పాకాను. గుమ్మం చేరేసరికి అది ఏడవడం మానేసింది.

అత్త పిండి జల్లించే ఆ పంచె గుడ్డలోనే బిడ్డను చుట్టారు. మా దగ్గర ఉన్న గుడ్డల్లో అదే మెత్తనిది, అదే తెల్లనిది. నారాయుడు ఏటి ఒడ్డున గుంట తవ్వాడు. అందరూ వెళ్ళారు. నేను వెళ్ళలేదు. నా కాళ్ళు నన్ను నా బిడ్డ వెంట కూడా వెళ్ళనివ్వలేదు.

శ్రావణంలో నేను చచ్చిపోదామనుకున్నాను. దాచడం ఎందుకు, ఆ లైన్లలో అలా అనుకున్నది నేనొక్కదాన్నే కాదు. కానీ తాడు కట్టాలంటే నిలబడాలి, ఏటిదాకా వెళ్ళాలంటే నడవాలి. కిరసనాయిలు డబ్బా మాత్రం నా చేతికి అందేంత దూరంలో ఉంది. తవుడు తింటే ఉబ్బు గుండెకెక్కి చస్తావని అత్త ఎన్నిసార్లు చెప్పిందో. అందరూ పనిలోకి పోయాక డబ్బా లాక్కుని, గుప్పెడు తవుడు నీళ్ళలో కలిపి మింగాను. గొంతుకు అడ్డం పడింది. ఇంకో గుప్పెడు మింగాను. పడుకుని, గుండె ఎప్పుడు ఆగుతుందా అని చూశాను.

ఆగలేదు. మర్నాడు ఇంకా ఎక్కువ తిన్నాను. కోళ్ళు గుమ్మంలోకి వచ్చి నన్ను చూసి గోల పెట్టేవి, వాటి కూడు నేను తినేస్తున్నానని. పొమ్మని విసిరికొట్టడానికి కూడా ఓపిక లేక వాటి ముందే తినేదాన్ని. చీర ముక్కతో జల్లించి మళ్ళీ నింపుతున్నా డబ్బా ఎందుకు ఖాళీ అవుతోందో నరసమ్మత్తకు తెలియలేదు. పందికొక్కులు అనుకుంది.

నాలుగైదు రోజులకు ఒంట్లో నీరంతా దిగిపోయింది. ఆ తర్వాత ఒక పొద్దున్న నేల చల్లగా తగిలింది. అరికాలికి నేల తగలడం! నేను సంతోషించానని రాస్తే అబద్ధం. కోపం వచ్చింది. చావు కోసం కూర్చుంటే ఆకలి వేస్తోంది. ఇరవై రోజులకు గోడ పట్టుకుని లేచాను, నెలకు గోడ వదిలేశాను. తాను మొక్కిన మొక్కు అని అత్త ఏడ్చింది. నారాయుడు నా పాదాలు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. “నువ్వన్నా మిగిలావు” అన్నాడు. తవుడు మాట వాళ్ళకు చెప్పలేదు. ఎందుకు తిన్నానో కూడా చెప్పాలి కదా.

భాద్రపదంలో, పనికి పనికొస్తానో లేదో చూడమని మళ్ళీ ఆస్పత్రికి పంపారు. ఈసారి నడిచి వెళ్ళాను. బొండాలు ఇచ్చిన కైవీతీ మనిషి నన్ను చూసి నవ్వి, నా ఖాళీ చేతులు చూసి నవ్వు ఆపేశాడు. కాంపౌండరు మోకాలి మీద తట్టాడు, కాలు ఎగిరింది. ఆశ్చర్యపోయాడు.

“ఏమి తిన్నావు?”

ఆయన పరాయివాడు. అందుకని నిజం చెప్పగలిగాను. “తవుడు” అన్నాను.

ఆయన గుమ్మం వైపు ఒకసారి చూశాడు. తర్వాత గొంతు తగ్గించి చెప్పాడు. “తెల్లబియ్యం మాత్రమే తినేవాళ్ళకు ఈ జబ్బు వస్తుందని మా డాక్టరు ఈమధ్యే ఏదో పత్రికలో చదివాడు. ఓడవాళ్ళలో, జైళ్ళలో చూశారంట. పై తవుడు తీసేస్తే బలం దాంతోనే పోతుందంట. అన్నీ తేలలేదు ఇంకా. నీకు తగ్గిందంటే అదే అయ్యుంటుంది.”

“బాలింత తినకపోతే బిడ్డకీ వస్తాదా బాబూ?”

ఆయన నా వంక చూడలేదు. సీసాలు సర్దుకున్నాడు. “తల్లిలో లేనిది పాలలో ఎక్కడినుంచి వస్తుందమ్మా” అన్నాడు.

ఆస్పత్రినుంచి లైనుకు రెండు మైళ్ళు. ఆ రెండు మైళ్ళలో నాకు అంతా తెలిసింది. జానకి తవుడుతో సహా రొట్టె తింటుంది. ఆవిడ పాలు రెండు రోజులు తాగితే నా బిడ్డకు గొంతు వచ్చింది. తాయెత్తుకు కాదు. నేను దాన్ని కొంగుతో కప్పి తీసుకున్నాను. ఇంకొక్కరోజు అని ఆవిడ చేయి చాపింది. నా పాలు వృథా పోతున్నాయని అనుకున్నాను నేను. దారిలో చెరకు బళ్ళు పోతున్నాయి. ఒకటి నా మీదికి వస్తే బాగుండును అనిపించింది. కాళ్ళు మాత్రం తప్పుకున్నాయి, బాగుపడిన కాళ్ళు.

నారాయుడికి చెప్పాను. అన్నీ చెప్పాను, నేను చావాలనుకున్నదీ, జానకిని పంపించేసిందీ. మనిషి లేచి గోడకేసి తల కొట్టుకున్నాడు. తర్వాత ఆ కోపం నరసమ్మత్త మీదికి పోయింది. “ఆ ముసిల్ది సంపేసింది నా గుంటని. ఇప్పుడే అడిగేత్తాను” అని గుమ్మం దాటబోయాడు. నేను అడ్డం నిలబడ్డాను. నిలబడగలుగుతున్నాను కదా.

“ఏటడుగుతావు మావా? మంచిదనుకున్నది మనకెట్టింది. సెడ్డదనుకున్నది తను తింది. అదడుగుతావా?”

ఆగిపోయాడు. గుమ్మంలోనే కూలబడి ఏడ్చాడు. ఆ రోజే ఒప్పందం చేసుకున్నాం, ఆవిడకు ఎప్పటికీ చెప్పకూడదని. జానకికి మాత్రం నేనే వెళ్ళి చెప్పాను. ఆవిడ తన కొడుకును తెచ్చి నా ఒళ్ళో పడుకోబెట్టి, పొయ్యి మీద రొట్టె మాడిపోతోందని లోపలికి వెళ్ళిపోయింది. చాలాసేపు బయటికి రాలేదు.

తర్వాత నాకు పిల్లలు లేరు. గిరిమిట్ అయిపోయాక డ్రెకేటి వైపు వచ్చాం, వరి వేసుకున్నాం. నరసమ్మత్తను మాతోనే తెచ్చుకున్నాం. మా బియ్యం మేమే దంచుకుంటాం, ఎర్రగా ఉండగానే ఆపేస్తాం. ఎవరింట్లో బాలింత ఉన్నా నేను వెళ్తాను. పథ్యం వద్దు, పప్పు పెట్టండి, తవుడు పారెయ్యకండి అని చెబుతాను. కొందరు వింటారు. కొందరు, పిల్లను పోగొట్టుకుంది, దీని మాటేమిటి అంటారు, నా ముందు కాదు. కాళ్ళు తిమ్మిరెక్కి, పాదాలు ఉబ్బి, కూర్చుంటే లేవలేకపోతే చూస్తూ కూర్చోకండి. బిడ్డ ఏడుపులో గొంతు తగ్గితే బుద్ధిమంతురాలు అనుకోకండి. ఎవరైనా పాలు పడతానంటే పట్టనివ్వండి. నేను చెప్పగలిగింది ఇంతే.

నరసమ్మత్త పోయిన నెల మంచం పట్టింది. ఏ జబ్బూ లేదు, వయసు. ఏదీ సయించడం లేదు. ఒక సాయంత్రం నన్ను పిలిచింది.

“గుంటా, ఒక్కపాలి తెల్లది సేసెట్టవే. జల్లించి. జల్మంతా తవుడే తిన్నాను. అదెలాగుంటాదో సూడాలని ఉంది.”

అన్నేళ్ళు నాకూ నారాయుడికీ జల్లించి పెట్టిన మనిషి, ఒక్కసారి కూడా రుచి చూడలేదు. ఆ సంగతి నాకు అప్పటిదాకా తట్టనే లేదు. కొట్టునుంచి సార్పు తెప్పించాను. నా పాత చీర కొంగు చింపి, పళ్ళెం మీద పట్టి జల్లించాను. నా చేతులతో జల్లించడం అదే మొదటిసారి. జావ కాచి, కాస్త బెల్లం వేసి, చల్లార్చి, చెంచాతో నోట్లో పోశాను. రెండు చెంచాలు మింగి కళ్ళు మూసుకుంది.

“మెత్తగుంది. ఇదే గదే నీకెట్టాను?”

“ఇదే అత్తా.”

“ఆ గుంట కడుపులో ఉన్నప్పుడూ ఇదే ఎట్టాను. బాలింతకీ ఇదే.” కళ్ళు తెరిచి నా వంక చూసింది. ఏమీ తెలియని చూపో, ఎప్పుడో తెలిసిపోయిన చూపో నేను చెప్పలేను. “నీకూ దానికీ మంచిదే ఎట్టాను గదా, సన్నెమ్మా?”

“మంచిదే ఎట్టావత్తా” అన్నాను.

ఇంకో చెంచా పోయమంది. గిన్నెలో ఉన్నదంతా తాగింది. మూతి తుడిచి, పడుకోబెట్టి, పొయ్యి దగ్గరకు వచ్చి కూర్చున్నాను. గుడ్డలో మిగిలిన తవుడు నేను తిన్నాను.